పాత కామిక్స్ గ్రేడింగ్: రాతలు, ముద్రలు, పసుపు తిరిగిన కాగితం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పాత అమెరికన్ కామిక్స్ కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, గ్రేడింగ్‌కి (పుస్తకం స్థితికి అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిచ్చే సంస్థకు) పంపాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. పాతవి అంటే ఇక్కడ 1938 నుంచి 1970ల చివరి దాకా న్యూస్‌ప్రింట్ మీద అచ్చయిన సంచికలు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఏ జవాబూ ఇంకో జవాబు మీద ఆధారపడి లేదు.

## పుస్తకం చేతికి రాగానే

గ్రేడ్ అంటే ఒక్క అంకే కదా, మరి లేబుల్ మీద "ఆఫ్-వైట్ పేజెస్" అని వేరే ఎందుకు రాస్తారు?

అవి రెండు వేర్వేరు తీర్పులు. అంకె 0.5 నుంచి 10.0 దాకా ఉంటుంది. మడతలు, చిరుగులు, మరకలు, రాతలు, అట్ట మెరుపు, పిన్నుల పట్టు అన్నీ కలిపి చూసి ఆ అంకె వేస్తారు. రెండోది లోపలి పేజీల స్థితి. 2000లో మొదలైన సీజీసీ అనే గ్రేడింగ్ సంస్థ దాన్ని మాటల్లో రాస్తుంది: వైట్, ఆఫ్-వైట్ టు వైట్, ఆఫ్-వైట్, క్రీమ్ టు ఆఫ్-వైట్, క్రీమ్, ఆ కింద టాన్ (లేత గోధుమ) రకాలు, అన్నిటికన్నా కింద స్లైట్లీ బ్రిటిల్ (కొద్దిగా పెళుసు), బ్రిటిల్ (పెళుసు). అందుకే 7.0 వచ్చిన రెండు ప్రతుల్లో ఒకటి తెల్లగా, ఇంకోటి మీగడ రంగులో ఉండొచ్చు. కాగితం బాగా దిగజారితే మాత్రం అంకెను కూడా కిందికి లాగుతుంది. పెళుసు కాగితం ఉన్న పుస్తకానికి పెద్ద అంకె ఆశించకూడదు.

అట్ట తళతళలాడుతోంది. లోపలి కాగితం కూడా అలాగే ఉంటుందిగా?

అక్కర్లేదు. అట్టది పూత పూసిన కాగితం, లోపలిది చవక న్యూస్‌ప్రింట్. రెండూ ఒకే తీరున ముసలివి కావు. పుస్తకాన్ని శుభ్రమైన బల్ల మీద పెట్టి, అట్టను 90 డిగ్రీలకు మించి తెరవకుండా మూడు చోట్ల చూడండి. మొదట అట్ట లోపలి వైపు. అంచుల వెంట గోధుమ రంగు చట్రంలా కనిపిస్తే, లోపలి పేజీల ఆమ్లం అట్టకు అంటుతోందని అర్థం. తర్వాత మొదటి, చివరి పేజీలు. అవి సాధారణంగా మధ్య పేజీలకన్నా ముదురుగా ఉంటాయి. ఆఖరున మధ్య పేజీ, అందులో వెన్ను దగ్గరి రంగుకీ బయటి అంచు రంగుకీ ఉన్న తేడా. తేడా ఎంత ఎక్కువైతే గాలి, వెలుతురు అంత లోపలికి చొరబడినట్టు.

పసుపు బల్బు కింద ఈ పరీక్ష పెట్టుకోవద్దు, అన్నీ క్రీమ్‌లాగే కనిపిస్తాయి. పగటి వెలుగు, లేదా 5000 కెల్విన్ దీపం వాడండి. పక్కన జిరాక్స్ కాగితం పెట్టి పోల్చడం చాలామంది చేసే పొరపాటు. అందులో తెలుపు పెంచే రసాయనాలుంటాయి కాబట్టి దాని పక్కన మంచి న్యూస్‌ప్రింట్ కూడా మాసినట్టే ఉంటుంది. పోలికకు, కామిక్స్ ధరల గైడు వేసే ఓవర్‌స్ట్రీట్ వాళ్ల తెలుపు స్థాయి కార్డు, లేదా లేబుల్‌తో గ్రేడ్ అయిన అదే కాలపు ప్రతి మేలు.

కాగితం పెళుసైందో లేదో చింపకుండా తెలుసుకోవడం ఎలా?

మూల మడిచి చూసే అలవాటుంటే మానేయండి. ఆ పరీక్షే ఒక ముక్కను ఊడగొడుతుంది. పుస్తకాన్ని కవర్‌లోంచి తీశాక కవర్ అడుగున చూడండి. గోధుమ రంగు రవ్వలు రాలి ఉంటే సగం జవాబు దొరికినట్టే. తర్వాత మధ్య పేజీ బయటి అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని కొద్దిగా వంపు తిప్పండి. బాగున్న న్యూస్‌ప్రింట్ బట్టలా వంగి వెనక్కి వస్తుంది. పెళుసైనది బిగుసుకుని చిన్నగా కరకరమంటుంది. పేజీ బయటి మూలల్లో, పిన్నుల చుట్టూ సన్నని పగుళ్లున్నాయేమో లెన్స్‌తో చూడండి. రంగు గోధుమగా ఉన్నంత మాత్రాన పెళుసని కాదు. గోధుమ రంగులోనూ మెత్తగా వంగే కాగితం ఉంటుంది, గ్రేడింగ్‌లో ఆ తేడాకు విలువ ఎక్కువ.

చేతికి తొడుగులు వేసుకోవాలా?

అక్కర్లేదు. నూలు తొడుగులు పాత అంచులకు తగులుకుని చింపేస్తాయి. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరిన చేతులు చాలు, లోషన్ మాత్రం రాసుకోకండి. పది రెట్లు పెద్దగా చూపే లెన్స్, ఒక ఎల్‌ఈడీ టార్చి, ఒక అతినీలలోహిత టార్చి ఉంటే పరీక్ష సామాను పూర్తయినట్టే.

## రాతలు, ముద్రలు, కత్తిరింపులు

అట్ట మీద పెన్సిల్‌తో తేదీ రాసుంది. గ్రేడ్ పోయినట్టేనా?

చాలావరకు పోదు. కామిక్ దుకాణానికి చేరిన రోజును పంపిణీదారో కొట్టువాడో అట్ట మీద రాసుకునేవాడు, లేదా రబ్బరు స్టాంపు కొట్టేవాడు. దీన్ని అరైవల్ డేట్ అంటారు. అట్ట మీద అచ్చయిన నెలకు ఇది సుమారు 15 నుంచి 75 రోజులు ముందుంటుంది, ఎందుకంటే ప్రచురణకర్తలు రాబోయే నెల తేదీ వేసి పంపేవారు. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక మీద జూన్ 1938 అనుంది కానీ అమ్మకానికి వచ్చింది ఏప్రిల్‌లో. కాబట్టి జూన్ సంచిక మీద ఏప్రిల్ తేదీ కనిపిస్తే కంగారు పడకండి.

చిన్నగా, పలచగా, బొమ్మకు అడ్డం రాకుండా ఉన్న తేదీని ఓవర్‌స్ట్రీట్ ప్రమాణాలు 9.4 లాంటి పై గ్రేడ్లలో కూడా అనుమతిస్తాయి. లెక్క మారేది మూడు సందర్భాల్లో: హీరో ముఖం మీద పెద్ద అక్షరాలతో ఉంటే, మైనపు పెన్సిల్‌తో గట్టిగా గీసి ఉంటే, రాత ఒత్తిడికి అట్ట వెనకవైపు గాడి పడితే. ఈ గాడి సంగతి చాలామంది చూడరు. అట్టను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తెలుస్తుంది. గ్రేడర్ దాన్ని రాతగా కాక అట్టకు తగిలిన దెబ్బగా లెక్కవేస్తాడు.

పుస్తకం పైఅంచున ఎర్ర రంగు చల్లినట్టుంది. ఎవరైనా పాడుచేశారా?

లేదు, అది పంపిణీదారు వేసిన గుర్తు. అమ్ముడుపోని సంచికలను తిరిగి తీసుకునేటప్పుడు ఏది ఏ విడతదో సులువుగా తెలియడానికి కట్ట అంచున రంగు చల్లేవారు, లేదా బ్రష్‌తో పూసేవారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా ఇలా ఏ రంగైనా ఉండొచ్చు. అంచుకే పరిమితమైతే లోపంగా లెక్కించరు. రంగు అట్ట మీదికి దిగి కనబడేంత మచ్చ చేస్తే మాత్రం పై గ్రేడ్లలో తేడా పడుతుంది. చెరిపే ప్రయత్నం చేయకండి, రంగు కాగితం పీచులోకి ఇంకిపోయి ఉంటుంది.

ముందు అట్ట మీద ఎవరో పిల్లాడు పెన్‌తో పేరు రాసుకున్నాడు. ఎంత తగ్గుతుంది?

"పేరు ఉంటే ఇంత" అనే పట్టిక ఏదీ లేదు. గ్రేడర్ చూసేది ఎక్కడ, ఎంత పెద్దగా, దేంతో అని. లోపలి మొదటి పేజీ మార్జిన్‌లో చిన్న పెన్సిల్ పేరు మధ్యస్థ గ్రేడు పుస్తకానికి దాదాపు అడ్డే కాదు. అదే పేరు ముందు అట్టకు అడ్డంగా బాల్‌పాయింట్‌తో ఉంటే, మిగతాదంతా 9.0 స్థాయిలో ఉన్నా ఆ పుస్తకం ఆ స్థాయిలో నిలవదు. 3.0 పుస్తకం మీద అదే పేరు పెద్దగా పట్టించుకోరు, అక్కడ మడతలు, చిరుగులు అప్పటికే లెక్కను ముగించి ఉంటాయి.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని ప్రసిద్ధ సేకరణలను పేరును బట్టే గుర్తుపడతారు. నెబ్రాస్కాకు చెందిన లామాంట్ లార్సన్ సేకరణలోని ప్రతుల మీద ఆయన పేరు పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఆ రాత ఆ ప్రతి ఏ సేకరణలోదో చెప్పే సాక్ష్యం, విలువ తగ్గించేది కాదు. ఎవరి పేరో తెలియకుండా రబ్బరు పట్టుకోకపోవడానికి ఇదొక్క కారణమైనా చాలు.

ధర పక్కన "9డి" అని గుండ్రటి ముద్ర ఉంది. దొంగ ప్రతా?

కాదు. 1959 చివరి నుంచి అమెరికన్ కామిక్స్ బ్రిటన్‌కి మళ్లీ ఓడల్లో చేరాయి. అక్కడి పంపిణీదారు థార్ప్ అండ్ పోర్టర్ సెంట్ల ధర పక్కన పెన్నీల ధరను స్టాంపు కొట్టేది. 9డి అంటే తొమ్మిది పెన్నీలు. ఇది అమ్మకం కోసం వేసిన ముద్ర, మామూలుగా చిన్న లోపమే. కానీ ముద్ర వంకరగా పడి సిరా అలుక్కుంటే కనిపించే మచ్చ కిందే లెక్క. దీన్ని పెన్నీ ధర అచ్చులోనే ఉన్న ప్రతులతో కలపకండి. అవి వేరే అచ్చు, వాటి విపణి కూడా వేరు.

పజిల్ నింపేసి ఉంది, కూపన్ కత్తిరించారు. ఏది ఎక్కువ నష్టం?

కత్తిరింపే, అందులో సందేహం లేదు. పెన్సిల్‌తో నింపిన పజిల్ రాత కిందికే వస్తుంది. కూపన్ పోతే కాగితమే పోయినట్టు, పుస్తకం అసంపూర్ణం. కత్తిరింపు వెనక పేజీలోని కథను కూడా కోసేసిందా అన్నది తప్పకుండా చూడండి. కథ పోతే దెబ్బ ఇంకా పెద్దది. ఇలాంటి పుస్తకానికి మామూలు నీలం లేబుల్ మీద చాలా తక్కువ అంకె రావచ్చు, లేదా ఆకుపచ్చ "క్వాలిఫైడ్" లేబుల్ మీద, ఆ లోపం లేకపోతే ఎంత వచ్చేదో ఆ అంకె వేసి పక్కన లోపాన్ని రాస్తారు.

మార్వెల్ సంచికల్లో 1974-76 మధ్య ఉత్తరాల పేజీలో వేల్యూ స్టాంపులు అచ్చయ్యేవి, పిల్లలు కత్తిరించి అతికించుకోవడానికే వాటిని పెట్టారు. వుల్వరీన్ పూర్తిగా కనిపించిన తొలి సంచిక, నవంబర్ 1974 నాటి ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 కొనేటప్పుడు మొదట తెరవాల్సిన పేజీ అదే. అమ్మేవాడు పంపిన ఫొటోల్లో ఆ పేజీ లేకపోతే అడిగి తెప్పించుకోండి.

రచయిత సంతకం ఉంది కదా, అదీ లోపమేనా?

సాక్షి లేని సంతకాన్ని సీజీసీ మొదటి నుంచీ అట్ట మీద రాతగానే చూస్తూ వచ్చింది. నీలం లేబుల్‌తో అంకె తగ్గించడం, లేదా ఆకుపచ్చ లేబుల్ ఇవ్వడం జరిగేది. సంస్థ మనిషి ఎదుట పెట్టిన సంతకానికైతే పసుపు రంగు సిగ్నేచర్ సిరీస్ లేబుల్ వస్తుంది, సంతకం లోపం కాదు. సీబీసీఎస్ అనే సంస్థ పాత సంతకాలను తర్వాత పరీక్షించి నిర్ధారించే సేవ పెట్టింది. మీ దగ్గరున్నది చనిపోయిన కళాకారుడి పాత సంతకమైతే, పంపే ముందు ఏ సంస్థ ఏ లేబుల్ ఇస్తుందో కనుక్కోవడం డబ్బు ఆదా చేస్తుంది.

పెన్సిల్ రాతే కదా, రబ్బరుతో చెరిపేస్తే సరిపోదా?

కొన్నిసార్లు సరిపోతుంది, ఎక్కువసార్లు కొత్త లోపం పుడుతుంది. పొడి రబ్బరుతో చేసే శుభ్రతను గ్రేడింగ్ సంస్థలు రిస్టొరేషన్‌గా (కొత్తగా కనపడేలా చేసిన మరమ్మతుగా) చూడవు. కానీ పూత ఉన్న అట్ట మెరుపును రబ్బరు తుడిచేస్తుంది, పూత లేని న్యూస్‌ప్రింట్ మీద రంగు సిరాను కూడా ఎత్తేస్తుంది. పక్క నుంచి వెలుతురు పడితే చెరిపిన చోటు మాసిన గుడ్డలా కనపడుతుంది. గ్రేడర్ మొదట చూసేది ఆ కోణంలోనే.

చేసి తీరాలనుకుంటే ముందు విలువలేని అదే కాలపు కామిక్ మీద సాధన చేయండి. మెత్తటి తెల్ల వినైల్ రబ్బరు తీసుకుని మొన కోయండి. అచ్చు లేని తెల్ల భాగంలో మాత్రమే, ఒకే దిశలో, బరువు పెట్టకుండా నాలుగైదు సార్లు లాగి, పొడిని మెత్తటి బ్రష్‌తో దులపండి. రాత పలచబడకపోతే అక్కడే ఆపండి. రంగు మీద ఉన్న రాత, మైనపు పెన్సిల్, ఏ రకం పెన్ అయినా ముట్టుకోకండి. తేదీ రాతనైతే ఎంత సులువుగా పోతుందనిపించినా వదిలేయమనే చెబుతాం. అది ఉన్నందువల్ల పోయేది తక్కువ, తీయబోతే పోయేది ఎక్కువ.

వెన్ను మీద తెల్ల గీతలకు మార్కర్ పూశారేమోనని అనుమానం. ఎలా పట్టుకోవాలి?

అట్ట తెరిచి లోపలి వైపు వెన్ను వెంట చూడండి. మార్కర్ సిరా మడత పగుళ్లలోంచి లోపలి తెల్ల భాగానికి చుక్కలుగా దిగుతుంది. తర్వాత చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేయండి. పూసిన రంగు తరచుగా అచ్చు సిరాకన్నా వేరుగా, నల్లగా లేదా వెలుగుతూ కనబడుతుంది. మూడోది లెన్స్ కింద చుక్కల అల్లిక. పాత అచ్చులో రంగు చుక్కలుగా పడి ఉంటుంది, పూతలో చుక్కలుండవు. నలుపు, ముదురు ఎరుపు, ముదురు నీలం అట్టలు ఈ మోసానికి ఎక్కువ గురవుతాయి.

ఇది తేలితే ఊదా రంగు "రిస్టోర్డ్" లేబుల్ వస్తుంది, ధర బాగా పడిపోతుంది. గోల్డెన్ ఏజ్ (1930ల చివర, 1940ల నాటి) పుస్తకాల మీద అతి కొద్దిపాటి రంగు ఉంటే నీలం లేబుల్ మీదే ఆ విషయం రాసి వదిలేయడమూ ఉంది. దాన్ని నమ్ముకుని కొనకండి.

టేపు తీసేయాలా?

తీయకండి. పాత సెల్లోఫేన్ టేపు జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మచ్చ చేసి ఉంటుంది, లాగితే అచ్చు పొర కూడా వస్తుంది. టేపు లోపమే, కానీ రిస్టొరేషన్ కాదు. విలువైన పుస్తకమైతే తీసే పని కాగితం సంరక్షణ నిపుణుడిది.

## కాగితం వయసు

కామిక్ కాగితం ఇంత త్వరగా ఎందుకు పసుపు తిరుగుతుంది? మామూలు పుస్తకాలు బాగానే ఉన్నాయిగా.

న్యూస్‌ప్రింట్‌ను చెక్కను అరగదీసిన గుజ్జుతో చేస్తారు. అందులో లిగ్నిన్ దాదాపు మొత్తం మిగిలిపోతుంది. వెలుతురు, గాలిలోని ఆక్సిజన్ తగిలితే లిగ్నిన్ రంగు మారుతుంది. మనకు కనిపించే పసుపు అదే. కంటికి కనపడని రెండో పని కాగితంలోని ఆమ్లం చేస్తుంది. తయారీలో వాడిన పటిక, కాగితం క్షీణించేటప్పుడు పుట్టే ఆమ్లాలు కలిసి సెల్యులోజ్ గొలుసులను ముక్కలు చేస్తాయి. గొలుసు పొట్టిదైన కొద్దీ కాగితం పెళుసవుతుంది. వేడి, తేమ ఈ రెండో పనిని పరుగెత్తిస్తాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క.

అందుకే రంగు, పెళుసుదనం ఎప్పుడూ కలిసి నడవవు. కిటికీ దగ్గర ఉన్న పుస్తకం పసుపు తిరిగినా మెత్తగా ఉండొచ్చు. చీకటి అటక మీద ఉన్నది రంగు అంతగా మారకుండానే లోపల విరిగిపోతూ ఉండొచ్చు.

ఎనభై ఏళ్ల పుస్తకానికి "వైట్ పేజెస్" ఎలా సాధ్యం? బ్లీచ్ చేసి ఉంటారా?

బ్లీచ్ లేకుండానే సాధ్యం. 1977లో కొలరాడోలో బయటపడిన ఎడ్గార్ చర్చ్ సేకరణ అందుకు గొప్ప ఉదాహరణ. మైల్ హై అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ పుస్తకాలు ఎత్తైన, పొడి వాతావరణంలో, ఒకదాని మీద ఒకటి గట్టిగా పేర్చి ఉన్నాయి. గాలి లోపలికి దూరలేదు, వెలుతురు తగల్లేదు. 2014లో 32 లక్షల డాలర్లకు పైగా పలికిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 9.0 ప్రతికి కూడా తెల్ల పేజీలన్న పేరుంది.

బ్లీచ్ చేసిన కాగితానికి వేరే లక్షణాలుంటాయి. తెలుపు వెన్ను నుంచి అంచు దాకా ఒకేలా ఉండి, అచ్చు రంగులు వెలసి, కాగితం బిరుసుగా ఉంటుంది, పాత న్యూస్‌ప్రింట్ వాసన ఉండదు. ఇది రిస్టొరేషనే. ఇంట్లో బ్లీచ్ చేస్తే ఆ రసాయనం కాగితంలో మిగిలి పీచును తింటూనే ఉంటుంది.

ఆమ్లం తీసే స్ప్రే కొడితే గ్రేడ్ పెరుగుతుందా?

పెరగదు. అలాంటి స్ప్రేలు ఆమ్లానికి విరుగుడుగా క్షారాన్ని కాగితంలో నింపి ముందుముందు జరిగే నష్టాన్ని నెమ్మదింపజేస్తాయి, పోయిన తెలుపును తేవు. కొన్ని సిరాలు కారిపోయే ప్రమాదమూ ఉంది. తక్కువ విలువ గల, చదువుకోవడానికి దాచుకునే ప్రతికి ఆలోచించవచ్చు. అమ్మే ఉద్దేశం ఉంటే వద్దు.

గోధుమ చుక్కలు, అలల్లాంటి గీత, ఒక పక్క ముదురు పట్టీ. ఇవన్నీ మరకలేనా?

పేర్లు వేరు, కారణాలు వేరు. అంచుల దగ్గర చిన్న గోధుమ చుక్కలు ఫాక్సింగ్, తేమలో బూజు పెరిగిన జాడ. అలలాంటి గోధుమ గీత నీళ్లు ఎక్కడిదాకా పాకి ఆరిపోయాయో చెబుతుంది. అక్కడ కాగితం కొద్దిగా ముడుచుకుని ఉంటుంది కాబట్టి రెండు లోపాలు లెక్క. ఒక అంచున నిలువుగా కనిపించే ముదురు పట్టీ దుమ్ము నీడ. కట్టలో పక్క పుస్తకం కన్నా ఇది బయటికి వచ్చి ఉండటంతో ఆ భాగమే గాలికి, దుమ్ముకు బలైంది. దుమ్ము పైపైన ఉంటే సంరక్షణ స్పాంజితో కొంత పోతుంది, ఎండ తగిలి వెలసిపోతే ఏం చేసినా రాదు. గ్రేడింగ్‌లో నీటి గీతకే ఎక్కువ శిక్ష పడుతుంది. బూజు వాసన ఇంకా వస్తుంటే ఆ పుస్తకాన్ని మిగతావాటికి దూరంగా పెట్టండి.

పిన్నులు తుప్పు పట్టాయి. కొత్తవి వేయించనా?

వద్దు. పైపైన రంగు మారిన పిన్ను చిన్న లోపం. తుప్పు కాగితంలోకి పాకి చుట్టూ నారింజ మచ్చ చేస్తే పెద్దది, అక్కడ కాగితం కూడా బలహీనపడుతుంది. పిన్ను మార్చితే లేబుల్ మీద ఆ సంగతి రాస్తారు. పాత రంధ్రాలకు కొత్త పిన్ను కాళ్లు సరిగ్గా కుదరకపోవడం లెన్స్‌లో ఇట్టే తెలుస్తుంది.

అదే గ్రేడ్‌లో వైట్, క్రీమ్ ప్రతులున్నాయి. ఏది కొనాలి?

9.0 పైన, బాగా పేరున్న సంచికల్లో కొనేవాళ్లు తెలుపుకు ఎక్కువ ఇస్తారు, మళ్లీ అమ్మడమూ సులువు. 4.0 దగ్గర ఆ తేడాకు అంతగా డబ్బు పెట్టక్కర్లేదు, అట్ట చూపుకు బాగున్నది ఎంచుకోండి. స్లైట్లీ బ్రిటిల్ అని ఉంటే మాత్రం ఎంత చవకైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పసుపు పుస్తకం ఇంకో ముప్పై ఏళ్లు నిలవచ్చు, పెళుసు పుస్తకం పేజీ తిప్పినప్పుడల్లా కొంత రాలుతుంది.

## గ్రేడింగ్‌కి పంపే ముందు

ప్రెస్సింగ్ చేయిస్తే పాత పుస్తకానికి మంచిదా?

వేడి, కొద్ది తేమ, ఒత్తిడితో రంగు విరగని మడతలను, వంపులను చదును చేయడమే ప్రెస్సింగ్. దీన్ని రిస్టొరేషన్‌గా పరిగణించరు. మెత్తగా ఉన్న కాగితానికి అంకె పెరగడం మామూలే. క్రీమ్ దాటి టాన్‌లోకి వెళ్లిన కాగితానికి, పెళుసు అంచులున్నవాటికి వద్దు. పిన్నుల దగ్గర పగిలిపోతాయి. రంగు విరిగిన మడతలో తెల్ల గీత అలాగే ఉంటుంది. పెన్ను గాడి కొంత చదునవుతుంది కానీ రాత పోదు. పేజీల రంగు కూడా మారదు.

ఒకే పుస్తకానికి రెండోసారి పంపితే పేజీల రంగు వేరే రాశారు. ఎలా?

రంగును మనిషి కంటితో చూసి రాస్తాడు. ఆఫ్-వైట్, ఆఫ్-వైట్ టు వైట్ మధ్య గీత సన్నది, ఒక మెట్టు అటూ ఇటూ కావడం తెలిసిందే. అందుకే ఒక మెట్టు తేడా కోసం మళ్లీ ఫీజు కట్టి పంపడం చాలావరకు దండగ.

నేనే అమ్ముతున్నా, వర్ణనలో ఏం రాయాలి?

రాతలను రకం, చోటు, పరిమాణంతో రాయండి: "ముందు అట్ట పై ఎడమ మూల, పెన్సిల్ తేదీ, సుమారు ఒక సెంటీమీటరు". పేజీల రంగుకు మధ్య పేజీ ఫొటో పగటి వెలుగులో తీసి పెట్టండి. ఫోన్ కెమెరా తెలుపును తనంతట తాను సవరిస్తుంది కాబట్టి ఫ్రేములో ఏదైనా బూడిద రంగు కార్డు ఉంచండి. మధ్య పేజీ ఊడిందా, కూపన్లు, స్టాంపులు ఉన్నాయా అన్నవి అడగకముందే చెప్పండి. వాపసు గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

## దాచుకోవడం

ఏ కవర్లు, ఏ అట్టలు వాడాలి?

ఖరీదైనవాటికి పాలిస్టర్ కవర్లు, జనం మైలార్ అంటారు. పాలిస్టర్ గట్టిది, దానంతట అది ఏ ఆవిరీ వదలదు. పాలీప్రొపిలీన్ కవర్లు చవక, కానీ కొన్నేళ్లకు ముడతలు పడి మసకబారతాయి. అప్పుడు మార్చాలి. వెనక పెట్టే అట్ట మొత్తం కాల్షియం కార్బొనేట్ నింపినదై ఉండాలి. చవక బోర్డులకు పైన ఒక్క వైపే పూత ఉంటుంది, కొన్నేళ్లకు అది కూడా గోధుమ రంగులోకి మారుతుంది. బోర్డు రంగు మారితే పుస్తకం ఆమ్లం వదులుతోందని గుర్తు, వెంటనే మార్చండి. ఆమ్లాన్ని పీల్చే మైక్రోచాంబర్ కాగితం ఒక్కో షీటు ముందు అట్టకు, మొదటి పేజీకి మధ్య, చివరి పేజీకి, వెనక అట్టకు మధ్య పెట్టొచ్చు.

అమెరికాలో కొన్నవి హైదరాబాద్, విజయవాడ తెచ్చుకుంటున్నా. ఏం జాగ్రత్త?

అటక మీద, గోడను ఆనుకున్న బీరువాలో పెట్టకండి. ఎండాకాలం అటక మీది వేడి గదిలోకన్నా చాలా ఎక్కువ, వానాకాలం బయటి గోడ చెమ్మ పుస్తకంలోకి దిగుతుంది. రోజూ మనుషులు తిరిగే, లోపలి గోడ పక్కనున్న గది మంచిది. తేమ మీటరు కొనండి. 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగుంటుంది, 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు తప్పదు. మూత బిగిసే పెట్టెలో సిలికా జెల్ వేసి, రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ వేయండి. కలరా ఉండలు, వేపాకు పుస్తకాలతో కలిపి పెట్టొద్దు. ఉండల ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, పచ్చి ఆకు తేమను, మరకను ఇస్తుంది. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేస్తే తేమ ఊగిసలాడుతుంది. అంతకన్నా ఏసీ లేని నిలకడైన గదే నయం.

మా ఇంట్లో పాత చందమామలు, ఇంద్రజాల్ కామిక్స్ ఉన్నాయి. వాటికీ ఇదే లెక్కా?

కాగితం లెక్క ఒకటే, రాతల లెక్క వేరు. 1947 జూలైలో మొదలైన చందమామ, 1964 నుంచి 1990 దాకా వచ్చిన ఇంద్రజాల్ కామిక్స్ మన దగ్గర ఎక్కువగా చేతులు మారాయి. అద్దె లైబ్రరీ ముద్ర, నంబరు, మొదటి పేజీ మీద ఇంటిపేరు దాదాపు ప్రతి రెండో పుస్తకం మీద కనిపిస్తాయి. ఇక్కడి కొనుగోలుదారులు వాటిని క్షమిస్తారు. క్షమించనిది బైండింగ్. ఏడాది సంచికలు కలిపి కుట్టించేటప్పుడు పిన్నులు తీసేసి, మూడు అంచులూ కోసి, కొన్నిసార్లు అట్టలనే పారేశారు. బైండు చేసిన వాల్యూమ్‌ను విడదీసి విడి సంచికలుగా అమ్మాలని చూడకండి. కుట్టు రంధ్రాలు, కోసిన అంచులు దాచలేరు. వాల్యూమ్‌గానే, అట్టలు ఉన్నాయో లేవో చెప్పి అమ్మండి.

స్లాబ్‌లో (గ్రేడింగ్ సంస్థ సీలు చేసే ప్లాస్టిక్ పెట్టెలో) పెట్టించాక ఇంక పసుపు తిరగదుగా?

తిరుగుతుంది, కాస్త నెమ్మదిగా. ప్లాస్టిక్ పెట్టె గాలి పూర్తిగా చొరబడనిది కాదు. ఆమ్లం కాగితం లోపలే ఉంది. దాన్ని గోడకు వేలాడదీసి ట్యూబ్‌లైట్ కిందో, ఎండపొడ పడే చోటో పెడితే అట్ట ఎరుపు, పసుపు రంగులు ముందు వెలుస్తాయి. లేబుల్ మీది అంకె, పేజీల మాట పెట్టెలో వేసిన రోజు స్థితిని చెబుతాయి. పదేళ్ల కిందటి స్లాబ్ కొంటుంటే పెట్టె అంచు వైపు నుంచి పేజీల పక్కభాగాన్ని టార్చితో చూసి, లేబుల్‌తో సరిపోల్చుకోండి.